ఒత్తు నిలవాలి, డప్పు మోగాలి



మాది సంగారెడ్డి పక్కన ఇస్మాయిల్‌ఖాన్‌పేట. భవానీమాత గుడి ఉన్న ఊరంటే చాలామంది వెంటనే గుర్తుపడతారు. తెల్లవారుజామున మా ఊళ్లో రెండు చప్పుళ్లు ఒకదాని వెనక ఒకటి వినబడతాయి. ముందు గుడి గంట. కాసేపటికి, పాశమైలారంలోనో పటాన్‌చెరులోనో నైట్ షిఫ్టు దిగి ఇళ్లకొచ్చేవాళ్ల బైకులు. నేను కొన్నేళ్లు హైదరాబాద్‌లో ఫోన్ గేములకు శబ్దాలు సమకూర్చే పని చేశాను. ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాను. గేములు తయారుచేయడం నేర్చుకోవాలనుకునే పిల్లలు సాయంత్రం పూట మా ఇంటికొస్తుంటారు. అలా వచ్చిన ఒక అబ్బాయి సంగతి ఈ రోజు మీకు చెబుతాను.

అతను డిప్లొమా పూర్తిచేసి ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాడు. ఒకరోజు షిఫ్టు దిగి నేరుగా మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. "అన్నా, యూనిటీ నేర్చుకోవాల్నా, గోడో నేర్చుకోవాల్నా? అన్‌రియల్ అయితే బొమ్మలు మంచిగొస్తయంటున్నరు. సౌండ్‌కు ఎఫ్‌మాడ్ పెట్టాల్నా, వైజ్ పెట్టాల్నా?" అని అడిగాడు. మొదటి మూడూ ఆటలు తయారుచేసే ఇంజిన్లు అనే సాఫ్ట్‌వేర్లు, చివరి రెండూ ఆటలో శబ్దాలు అమర్చే పనిముట్లు. ఈ ప్రశ్న పట్టుకుని రెండు నెలలుగా వీడియోలు చూస్తున్నాడట. ఒకరు మెచ్చుకున్నదాన్ని ఇంకొకరు దండగంటారు. ఈ రెండు నెలల్లో అతని ఆట ఒక్క అడుగు కూడా ముందుకు పడలేదు.

"నువ్వు చేద్దామనుకున్న ఆట ఏంది?" అన్నాను.

"పులి మేక" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు సంతోషం ఆగలేదు. పాత గుళ్ల అరుగుల మీద, రచ్చబండల మీద ఆ గీతలు చెక్కి ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. గీతలు కలిసే చోట్లు 23. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది. మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేస్తాయి. ఒక పక్క బలం, ఒక పక్క మంద. ఇంత చక్కటి ఆట మన చేతిలో ఉంది. ఫోనులో మన భాషతో, మన చప్పుడుతో ఆడుకునేలా చేద్దామని పంతొమ్మిదేళ్ల పిల్లవాడు అనుకుంటున్నాడు. అతని ప్రశ్నకు జవాబు ఆ ఆటలోనే ఉందని నాకనిపించింది. ఏ పనిముట్టు గొప్పదని అడిగితే ఎవరి సమాధానం వాళ్లకుంటుంది. ఈ ఆటకు ఏం కావాలని అడిగితే, తేల్చుకోవాల్సినవి రెండే మిగులుతాయి. తెలుగు అక్షరం సరిగ్గా పడుతుందా? డప్పు దెబ్బ సరిగ్గా మోగుతుందా?

ముందు అక్షరం సంగతి.

ఆ అబ్బాయి అప్పటికే ఒక ఇంజిన్‌లో నమూనా తెర ఒకటి చేసి పెట్టుకున్నాడు. మేకలు గెలిస్తే "మేకలు తప్పించుకున్నాయి" అని రావాలి. నా చేతికి ఫోనిచ్చాడు. తెర మీద 'ప' తలపై పొల్లు నిలబడింది, దాని పక్కన ఇంకో 'పి' వచ్చి కూర్చుంది. కిందికి దిగాల్సిన పవత్తు దిగలేదు. 'న్నా' దగ్గరా అంతే. చదవాలంటే ఒక్కో ముక్కనూ మనసులో అతికించుకోవాలి. "ఫాంటు మార్చి చూసిన అన్నా, నాలుగు ఫాంట్లు మార్చిన" అన్నాడు. అతని గొంతులో ఏదో తప్పు చేశానన్న భయం వినబడింది. అతని తప్పేమీ లేదు.

పాత అచ్చు ప్రెస్సులను తలచుకోండి. కేసుల్లో సీసపు అక్షరాలుండేవి. గుణింతాలు, ఒత్తులు వేరువేరు గళ్లలో ఉండేవి. 'ష్ట్ర' రావాలంటే ఏ గడిలోంచి ఏ ముక్క తీయాలో, దాన్ని ఎక్కడ పెట్టాలో కంపోజిటర్ చేతికి తెలుసు. కంప్యూటర్లో ఫాంటు ఆ కేసులాంటిది. అందులో అక్షరాల బొమ్మలుంటాయి, ఏ ముక్క పక్కన ఏ ముక్క వస్తే ఎలా మారాలో నియమాలూ ఉంటాయి. ఆ నియమాలు చదివి ముక్కలు పేర్చే కంపోజిటర్ మాత్రం విడిగా ఉండాలి. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ పేరు హార్ఫ్‌బజ్. ఇంగ్లిషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడితే చాలు కాబట్టి చాలా గేమ్ ఇంజిన్లు చాలా ఏళ్లు కంపోజిటర్ లేకుండానే నడిచాయి. అవి తయారుచేసినవాళ్లకు ఆ లోటు కనబడలేదు. మనకు మొదటి రోజే కనబడుతుంది.

ఈ అక్షరాల పేర్పు పెద్ద పెద్ద కంపెనీలనే తిప్పలు పెట్టింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే మన అక్షరం ఒక ప్రత్యేకమైన కోడ్ వరసలో ఐఫోన్‌కు మెసేజ్‌గా వస్తే, దాన్ని చూపించబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడిపోయేది. ప్రపంచమంతా వార్తయింది. ఆపిల్ అదే నెలలో 11.2.6 వెర్షన్ విడుదల చేసి సరిచేసింది. ఆ రోజుల్లో ఇంగ్లిషు పేపర్లు దాన్ని టెక్స్ట్ బాంబు అని రాశాయి. నాకు కష్టంగా అనిపించింది. జ్ఞానం అనే మాటలోని మొదటి అక్షరం అది. లోపం ఉన్నది దాన్ని పేర్చే సాఫ్ట్‌వేర్‌లో.

మరి ఏ ఇంజిన్ దగ్గర కంపోజిటర్ ఉన్నాడు? గోడో పాత వెర్షన్లలో, అంటే మూడో వెర్షన్ దాకా, తెలుగు ఒత్తులు పడేవి కావు. 2023 మార్చిలో వచ్చిన నాలుగో వెర్షన్‌లో హార్ఫ్‌బజ్‌ను లోపల పెట్టారు. అప్పటి నుంచి తెలుగు చక్కగా పడుతోంది. అన్‌రియల్‌లో కూడా ఆ ఏర్పాటుంది. యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో తెలుగును పేర్చలేదు. యూనిటీ ఆరో వెర్షన్ కాలంలో యూఐ టూల్‌కిట్‌కు వచ్చిన కొత్త అక్షర వ్యవస్థతో ఆ దారి తెరుచుకుంది. పాత పద్ధతిలో పాఠాలు చెప్పే వీడియోలు చూసి నేర్చుకుంటే మాత్రం ఈ అబ్బాయి చూపించిన విరిగిన 'తప్పించుకున్నాయి' దగ్గరికే చేరుకుంటారు. ఫేజర్ అనే ఫ్రేమ్‌వర్క్ ఉంది, బ్రౌజర్‌లో ఆడే ఆటల కోసం. అక్కడ అక్షరాన్ని గీసేది బ్రౌజరే కాబట్టి మనం ఏమీ చేయకుండానే తెలుగు సరిగ్గా వస్తుంది.

ఫ్రేమ్‌వర్క్‌కు, ఇంజిన్‌కు తేడా ఏమిటని శ్రోతలు అడగవచ్చు. ఫ్రేమ్‌వర్క్ అంటే తాపీ, గుండు, ఇటుకలు మన చేతికిచ్చి గోడ మనల్నే కట్టుకోమన్నట్టు. ఇంజిన్ అంటే గోడలు లేపి, కరెంటు పైపులు వేసిన ఇల్లు. ఫ్రేమ్‌వర్క్‌తో కూడా గొప్ప ఆటలు వచ్చాయి. 2024లో వచ్చి లక్షలమంది ఆడిన బలాట్రో అనే పేకముక్కల ఆటను కెనడాలో ఒక్క మనిషి, లవ్ అనే చిన్న ఫ్రేమ్‌వర్క్‌తో చేశాడు. తన పేరు కూడా బయటపెట్టుకోలేదు. అయితే అక్కడ రాసుకోవాల్సింది ఇంగ్లిషు. మనం రేలిబ్ లాంటి ఫ్రేమ్‌వర్క్ తీసుకుంటే ఒత్తులు పేర్చే పని మనమే నెత్తిన వేసుకోవాలి. పులి మేక ఆటలో నాలుగే మాటలుంటాయి, వాటిని బొమ్మలుగా గీసి పెట్టుకుంటామంటే సరే. కథ చెప్పే ఆటకు అది కుదరదు.

అందుకే మా ఇంటికొచ్చే పిల్లలందరితో ఒక పని చేయిస్తాను. ఏ ఇంజిన్ దించుకున్నా, ఆట సంగతి తర్వాత, ముందు తెర మీద నాలుగు మాటలు రాయమంటాను. లక్ష్మి, రాష్ట్రం, స్త్రీ, జ్ఞాపకం. ఆ నాలుగూ ఇంట్లో ఉన్న అన్నిటికంటే చవక ఫోనులో సరిగ్గా కనబడాలి. లాప్‌టాప్‌లో కనబడితే నేను ఒప్పుకోను. ఫాంటు కోసం డబ్బు పెట్టాల్సిన అవసరం లేదు. సిలికానాంధ్ర వాళ్లు రామభద్ర, గిడుగు, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు. వాటిని ఆటలో పెట్టి ఆటను అమ్ముకోవడానికీ అనుమతి ఉంది. పాతకాలపు తెలుగు కవుల పేర్లు, పండితుల పేర్లు పెట్టుకున్న అక్షరాలు పులి మేక తెర మీద పడుతుంటే చూడ్డానికి ఎంత బాగుంటుందో.

అక్షరం కుదిరాక, ఆ ఇంజిన్‌ను మన లాప్‌టాప్ మోయగలదా అన్నది చూసుకోవాలి. ఆ అబ్బాయి లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్ ఉంది. అన్‌రియల్ కోసం దాన్ని తయారుచేసే ఎపిక్ సంస్థ సూచించేది 32 జీబీ. ఆ సంగతి చెప్పగానే మొహం చిన్నబుచ్చుకున్నాడు. పులి మేకకు అన్‌రియల్ ఎందుకు? అది మహానగరాన్ని, అడవిని నిజంలా చూపించడానికి పుట్టిన ఇంజిన్. ఇక్కడ 23 చోట్లు, 18 కాయలు. దీనికి గోడో చాలు, దించుకోవడానికి ఒక వంద ఎంబీ అటూ ఇటూ పడుతుంది. ఒక హెచ్చరిక మాత్రం చేశాను. ఆట తయారయ్యాక ఫోనుకు ఎక్కించడానికి కావాల్సిన ఫైళ్లు ఇంకో జీబీ దాకా ఉంటాయి. రోజు డేటా అయిపోయే రాత్రి పదకొండింటికి ఆ పని పెట్టుకోవద్దన్నాను.

డబ్బు షరతుల గురించి కూడా పిల్లలు భయపడుతుంటారు. ఆ భయానికి కారణం ఉంది. 2023 సెప్టెంబరు 12న యూనిటీ కంపెనీ, ఆటను ఫోనులో ఇన్‌స్టాల్ చేసుకున్న లెక్కన రుసుము తీసుకుంటామని ప్రకటించింది. ప్రపంచమంతా ఆటలు చేసేవాళ్లు మండిపడ్డారు. సరిగ్గా ఏడాదికి, 2024 సెప్టెంబరు 12న, ఆ రుసుము రద్దు చేశామన్నారు. ఇప్పుడు ఏడాదికి రెండు లక్షల డాలర్ల రాబడి దాకా వ్యక్తిగత లైసెన్సు ఉచితం. అన్‌రియల్ అయితే ఒక ఆట పది లక్షల డాలర్లు దాటి సంపాదించాకే ఐదు శాతం అడుగుతుంది. గోడో వాడితే ఎవరికీ ఏమీ చెల్లించనక్కర్లేదు. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్స్కీ, ఆరియెల్ మన్సూర్ దాన్ని తయారుచేసి 2014లో అందరికీ తెరిచి ఇచ్చేశారు. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో కూర్చున్నవాళ్లకు రెండు లక్షల డాలర్ల గీత దూరంగానే ఉంటుంది, దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. కానీ రాత్రికి రాత్రి షరతులు మార్చే హక్కు ఎవరి చేతిలో ఉందన్నది చూసుకోవాలి. మూడేళ్ల కష్టం దాని మీద నిలబడి ఉంటుంది.

అర్జెంటీనా పేరొచ్చింది కాబట్టి ఇంకో మాట. 2008లో ఆ దేశంలో లాస్ కోకోస్ అనే పల్లెలో కొందరు ప్రోగ్రామర్లు ఒకచోట చేరి ఒక చిన్న ఇంజిన్ రాశారు. ఊరి పేరే దానికి పెట్టారు, కోకోస్ అని. తర్వాత ఎన్నో ఏళ్లు ప్రపంచంలో లెక్కలేనన్ని ఫోన్ ఆటలు ఆ పేరున్న ఇంజిన్ మీద నడిచాయి. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ అబ్బాయి ఆ పల్లె పేరు మళ్లీ అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

ఉద్యోగం కోసం నేర్చుకునేవాళ్లకు నా సలహా వేరు. ఫోన్ ఆటలు చేసే స్టూడియోల్లో యూనిటీ తెలిసినవాళ్లకు గిరాకీ ఎక్కువ. హైదరాబాద్‌లో ఈ పరిశ్రమ ఎదిగింది. ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ఇమేజ్ అనే పాలసీ తెచ్చింది. ఓగర్‌హెడ్ స్టూడియో చేసిన అసుర ఆట 2017లో ఇక్కడి నుంచే వెళ్లి ప్రపంచంలో పేరు తెచ్చుకుంది. హిట్‌వికెట్ క్రికెట్ ఆట ఇక్కడిదే. ఆ ఉద్యోగం కావాలంటే యూనిటీ నేర్చుకోవాలి, అందులో తెలుగు పడే కొత్త దారి కూడా నేర్చుకోవాలి.

ఇక శబ్దం. నా ప్రాణం ఉన్నది ఇక్కడే, కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట ఆటంతా తయారయ్యాక, విడుదలకు నాలుగు రోజుల ముందు శబ్దాల పని నా చేతికి వచ్చింది. నలభై చప్పుళ్లు, ఒక పాట. పాటను ఎంపీ3గా ఇవ్వమన్నారు, ఇచ్చాను. ఆట విడుదలయ్యాక ఇంటికెళ్లి ఆడుతుంటే, పాట చివరికొచ్చి మళ్లీ మొదలయ్యే ప్రతిసారీ చిన్న ఖాళీ, ఒక టక్కుమనే చప్పుడు. అర నిమిషానికి ఒకసారి. ఎంపీ3 తన లెక్క కోసం ఫైలు మొదట్లో, చివర్లో కొంచెం నిశ్శబ్దం కలుపుతుంది. అది నాకు అప్పటికి తెలియదు. ఆగ్ ఫార్మాట్‌లో ఇచ్చి ఉంటే ఆ టక్కు ఉండేది కాదు. ఆ టక్కును వేలమంది విన్నారు. ఈ రోజుకూ ఆ పాట ఎక్కడన్నా వినబడితే నా చెవి ఆ ఖాళీ కోసం ఎదురుచూస్తుంది.

ఆడియో పనిముట్లు అంటే పిల్లలు మూడు వేరువేరు వస్తువులను ఒకే సంచిలో వేసుకుంటారు. మొదటివి శబ్దాన్ని రికార్డు చేసి కోసి సరిచేసేవి. ఆడాసిటీ ఉచితం, 2000 సంవత్సరం నుంచి అందరికీ అందుబాటులో ఉంది. రీపర్ అని ఇంకోటి ఉంది, చిన్నవాళ్లకు లైసెన్సు 60 డాలర్లు. పులి మేకకు ఆడాసిటీ చాలు. రెండోది ఇంజిన్‌లోనే ఉండే శబ్ద వ్యవస్థ. మూడోవి ఎఫ్‌మాడ్, వైజ్. వీటిని మిడిల్‌వేర్ అంటారు. ఎఫ్‌మాడ్ ఆస్ట్రేలియాది, వైజ్ కెనడాలోని మాంట్రియల్‌ది. ఆటలో జరిగేదాన్ని బట్టి సంగీతం మారాలనుకుందాం, శత్రువు దగ్గరకొస్తే డోలు కలవాలి, దూరమైతే వేణువు ఒక్కటే మిగలాలి. అలాంటివన్నీ ప్రోగ్రామర్‌ను అడక్కుండా సంగీతం చేసే మనిషే స్వయంగా అమర్చుకోవడానికి ఇవి పుట్టాయి. సెలెస్ట్ అనే ప్రసిద్ధమైన ఆటలో సంగీతం అంత సజీవంగా మారుతుండటం వెనక ఎఫ్‌మాడ్ ఉంది. ఏడాదికి రెండు లక్షల డాలర్ల లోపు రాబడి ఉన్న చిన్నవాళ్లకు ఎఫ్‌మాడ్ ఉచితం. రెండున్నర లక్షల డాలర్ల లోపు బడ్జెట్ ఉన్న ఆటలకు వైజ్ ఉచితం.

కాబట్టి అడ్డు డబ్బు కాదు. శబ్దం చేసేవాళ్లు వేరు, కోడ్ రాసేవాళ్లు వేరు అయినప్పుడు ఎఫ్‌మాడ్ దేవుడిచ్చిన వరం. రెండు పనులూ ఒక్కడే చేస్తున్నప్పుడు అదొక రెండో చదువు. ఈ అబ్బాయికి కావాల్సిందేమిటి? పులి ఒక మేకకు దూకేంత దగ్గరికొస్తే డప్పు వేగం పెరగాలి. రెండో పులి కూడా దగ్గరికొస్తే ఇంకో డప్పు కలవాలి. గోడో 4.3లో, 2024 ఆగస్టు నుంచి, ఒకే తాళంలో నడిచే రెండు మూడు ట్రాకులను కలిపి ఉంచి, కావాల్సినప్పుడు ఒకదాన్ని పైకి తెచ్చే ఏర్పాటు ఇంజిన్‌లోనే ఉంది. ఆ సంగతి చూపించాక ఎఫ్‌మాడ్ మాట మళ్లీ ఎత్తలేదు.

అతనికి అసలు కష్టం వేరే చోట ఎదురైంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే శబ్దాల్లో ఇండియా అని వెతికి, తబలా, సితార్ తెచ్చి పెట్టాడు. తబలా గొప్ప వాద్యం. సంగారెడ్డి పల్లెల్లో మేకలు కాసేవాళ్ల ఆటకు దాని చప్పుడు మాత్రం ఒప్పదు. ఫ్రీసౌండ్ లాంటి చోట్ల మంచి శబ్దాలుంటాయి, వాటికి ఒక్కోదానికి ఒక్కో లైసెన్సు ఉంటుంది, కొన్నింటికి పేరు చెప్పాలి, కొన్నింటిని అమ్మే ఆటలో వాడకూడదు. అవన్నీ చదివి వాడుకోవచ్చు. డప్పు మన పక్క వాడలోనే ఉన్నప్పుడు ఎక్కడికో ఎందుకు పోవాలి?

డప్పు కొట్టే పెద్దాయన దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన చితుకులు పోగుచేసి మంట పెట్టాడు. డప్పును మంట దగ్గర తిప్పుతూ వేడిచేశాడు. వేళ్లతో తట్టి చూసి, మళ్లీ వేడిచేశాడు. తోలు బిగుసుకునే కొద్దీ గొంతు పెరుగుతుంది. మొదట మెత్తగా బొయ్‌మన్నది కాసేపటికి ఖణేల్‌మంది. తర్వాత భుజానికి ఆనించుకుని ఒక చేత సిర్ర, ఇంకో చేత చిటికెన పుల్ల పట్టుకున్నాడు. సిర్ర మధ్యలో దిగుతుంటే చిటికెన పుల్ల అంచున చిటపటలాడుతుంది. ఒక్క మనిషి దగ్గర రెండు గొంతులు.

మొదటి రోజు అబ్బాయి ఫోనును డప్పుకు జానెడు దూరంలో పెట్టి రికార్డు చేశాడు. ఇంటికొచ్చి వింటే అంతా పగిలిపోయింది. రెండోసారి దూరం జరిగాడు, కానీ ఫోను తనంతట తానే పెద్ద దెబ్బను తగ్గించి, చిన్న చప్పుడును పెంచింది. రెండు దెబ్బల మధ్య నిశ్శబ్దంలో ఎక్కడిదో కోడి కూత పైకొచ్చింది. పైగా ఆ చప్పుడును నాకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపాడు. మాట వినడానికి సరిపోయేంతగా కుదించి పంపుతుంది అది. చిటికెన పుల్ల చప్పుడంతా పోయింది. మూడోసారి నా దగ్గరున్న చిన్న రికార్డర్ తీసుకెళ్లి, నాలుగడుగుల దూరంలో పెట్టి, వేవ్ ఫార్మాట్‌లో తీశాం. వేవ్‌లో రెండు చానెళ్లు పెడితే నిమిషానికి దాదాపు 10 ఎంబీ. ఒక్క చానెల్ చాలు, 5 ఎంబీ. ఆటలో పెట్టేటప్పుడు ఆగ్‌గా మారిస్తే నిమిషానికి ఒక ఎంబీ లోపే.

మొదటి రెండు రికార్డింగుల్లో ఇంకో సంగతి బయటపడింది. అడుగున సన్నగా గుయ్‌మని ఒక మోత. పక్కనే ట్రాన్స్‌ఫార్మర్. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్రాన్స్‌ఫార్మర్ మోత దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. రోజూ వింటూ వింటూ మా చెవులు దాన్ని మరిచిపోయాయి, ఫోను మరిచిపోలేదు. ఆడాసిటీలో దాన్ని తీసేయవచ్చు, తీస్తే డప్పు అడుగు గొంతు కూడా కొంత పోతుంది. అందుకే మూడోసారి అక్కడి నుంచి లేచి చెరువు గట్టు దాకా నడిచాం.

ఒకే దెబ్బను ఒక్కసారి రికార్డు చేసి ఆటలో వందసార్లు వినిపిస్తే అది డప్పులా ఉండదు, మిషను కొట్టినట్టు ఉంటుంది. ఏ మనిషీ రెండు దెబ్బలు ఒకేలా కొట్టడు. అందుకని ఒక్కో రకం దెబ్బను ఎనిమిదేసి సార్లు కొట్టమన్నాం. గోడోలో వాటిని ఒక గుంపుగా పెట్టి, ప్రతిసారీ ఏదో ఒకటి పలికేలా, స్థాయి కొద్దిగా అటూ ఇటూ అయ్యేలా చేసే వీలుంది. ఆ పని పదిహేను నిమిషాల్లో అయిపోయింది. ఆటలో మొదటిసారి పులి దూకినప్పుడు ఆ దెబ్బ పడితే అబ్బాయి ఫోను నా చెవి దగ్గరికి తెచ్చి, తీసి, మళ్లీ తెచ్చాడు.

తర్వాత అతన్ని పటాన్‌చెరు వెళ్లే ఆర్టీసీ బస్సెక్కించాను. బస్సులో కూర్చుని ఫోన్ స్పీకర్‌తో ఆడమన్నాను. సిర్ర దెబ్బ మాయమైంది. చిన్న ఫోను స్పీకర్లు లోతైన శబ్దాన్ని పలికించలేవు, పైన బస్సు ఇంజిన్ మోత. చిటికెన పుల్ల ఒక్కటే టకటకా వినబడింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇంట్లో విన్నప్పుడు ఎంతో గొప్పగా ఉన్నది ఇక్కడ సగమే మిగిలింది. ఇంటికొచ్చి సిర్ర దెబ్బలో మధ్యస్థాయి గొంతును కొంచెం పెంచి, చిటికెన పుల్లను దానితో కలిపి పలికేలా మార్చాడు. ఆ బస్సు ప్రయాణం ఏ వీడియోలోనూ దొరకదు. బస్సులో ఇంకొకటి కూడా గమనించాడు. పక్క సీట్లో ఆట ఆడుతున్న ఇద్దరూ సౌండ్ తీసేసి ఆడుతున్నారు. అంటే ఎవరు గెలిచారో అక్షరమే చెప్పాలి. మళ్లీ ఒత్తుల దగ్గరికే వచ్చాం.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో చప్పుడు పదో వంతు సెకను నుంచి ఐదో వంతు సెకను దాకా ఆలస్యంగా వస్తుంటుంది. పులి మేకలో అది పెద్దగా తెలియదు. రేపు ఎవరైనా బోనాల డప్పు వరసకు తాళం వేసే ఆట చేయాలనుకుంటే అదే ప్రాణాంతకం, అప్పుడు ఇంజిన్‌ను ముందుగా ఆ ఆలస్యం మీదే పరీక్షించి ఎంచుకోవాలి. ఆట మారితే పనిముట్టు మారుతుంది.

పెద్దాయన పేరు ఆట మొదటి తెర మీద వేయాలని నేను గట్టిగా చెప్పాను. డబ్బులు కూడా ఇచ్చాం. ఆయన తీసుకోవడానికి మొహమాటపడ్డాడు. ఆ చప్పుడు వెనక ఒక జీవితకాలపు చెయ్యి ఉంది. తోలు ఎప్పుడు బిగిసిందో వేలితో తట్టి చెప్పగలిగిన చెవి ఉంది. ఎంత పెద్ద ఇంజిన్ కొన్నా అది దానిలో రాదు. ఉచితంగా రికార్డు చేసుకుని, పేరు లేకుండా ఆటలో పెట్టుకుని వెళ్లిపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఈ రోజు సాయంత్రం ఆటను ఆయనకు చూపించడానికి వెళ్లాం. తెర మీద తన పేరు, ఒత్తులన్నీ సరిగ్గా పడి, కనబడింది. మనవరాలు చదివి వినిపించింది. ఆయన ఫోను చెవికి ఆనించుకుని పులి దూకే చప్పుడు విన్నాడు. మళ్లీ వేయమన్నాడు. మూడోసారి విన్నాక తల అడ్డంగా ఊపాడు.

"గీ దెబ్బ డప్పు సల్లబడ్డంక కొట్టింది బిడ్డా. అప్పటికే తోలు మెత్తబడ్డది. మల్ల కాపి కొడుత, రేపు పొద్దుగాల రాండ్రి" అన్నాడు.

నేను పదేళ్లకు పైగా శబ్దాలతో పనిచేశాను. ఎనిమిది దెబ్బల్లో చివరి మూడు మెత్తబడ్డాయని నేను కనిపెట్టలేకపోయాను. అబ్బాయికి రేపు ఫస్ట్ షిఫ్టు. సూపర్‌వైజర్‌కు ఫోను చేసి సెకండ్ షిఫ్టుకు మార్పించుకున్నాడు. తెల్లారగానే రికార్డరు, నాలుగు ఎండు చితుకులు పట్టుకుని చెరువు గట్టుకు వెళ్తున్నాం.